సిస్టర్.. మీరు తిన్నారా?

రోగి ఏం తినాలో, ఎప్పుడు తినాలో, మాత్ర భోజనానికి ముందో తర్వాతో గుర్తుపెట్టుకుని మరీ చెప్పేది నర్సు. తన బాక్సు మూత తీసే తీరిక మాత్రం ఆమెకే దొరకదు. ఇది తెలియక చేస్తున్న పొరపాటు కాదు, డ్యూటీ తీరులోనే ఉన్న చిక్కు. కాబట్టి సరిదిద్దాల్సింది నర్సుల మనసును కాదు, వారి తిండికి సంబంధించిన ఏర్పాటును. అదెలాగో చూద్దాం.

ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి వచ్చిన వారెవరికైనా ఈ మాటలు గుర్తుండే ఉంటాయి. 'అమ్మా, టిఫిన్ చేశారా? తిన్నాకే ఈ మాత్ర వేసుకోవాలి.' 'బాబాయ్, ఖాళీ కడుపుతో ఉండొద్దు. రెండు ముద్దలైనా పెరుగన్నం తినండి.' ఇంట్లో వాళ్లు కూడా అంత ఓపిగ్గా చెప్పరు. మరి ఆ మాట చెప్పిన సిస్టర్ ఆ పూట తిన్నారో లేదో మనకెప్పుడైనా తట్టిందా?

మీ ఇంట్లోనే ఒక నర్సు ఉంటే ఇదేమీ కొత్త సంగతి కాదు. కూతురో, కోడలో, భార్యో పొద్దున్న పట్టుకెళ్లిన బాక్సు సాయంత్రం అలాగే తిరిగొస్తుంది. 'తెల్లవారుజామున లేచి చేసింది తినకపోతే ఎలా?' అని మీరు విసుక్కునీ ఉంటారు. ఆమె మౌనంగా ఆ అన్నం పారబోసి, నాలుగు బిస్కెట్లు తిని పడుకునీ ఉంటుంది. మగ నర్సుల పరిస్థితీ ఇదే. ఆ బాక్సు ఎందుకు తిరిగొస్తోందో తెలిస్తే విసుగు తగ్గుతుంది, ఉపాయం దొరుకుతుంది.

తెలియక కాదు

నర్సింగ్ చదువులో పోషకాహారం ఒక పాఠ్యాంశం. మాంసకృత్తులు ఎందులో ఉంటాయో, మధుమేహం ఉన్నవారు ఏం తినాలో నర్సులకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే 'సమతులాహారం తీసుకోండి' అన్న సలహా వారికి అక్కరకు రాదు.

ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో 'నోట్స్ ఆన్ నర్సింగ్' పుస్తకం రాసినప్పుడు ఆహారానికి రెండు అధ్యాయాలు కేటాయించారు. ఏం పెట్టాలన్నది ఒకటి. తినే వేళ, తినే వీలు గురించి మరొకటి. ఎదురుగా అన్నీ ఉన్నా, తినగలిగే సమయం, పద్ధతి ఎవరూ చూడకపోతే రోగి పస్తుంటాడని ఆమె గమనించారు. ఆ రెండో అధ్యాయంలోని విషయం ఇప్పుడు నర్సులకే వర్తిస్తోంది. ఏం తినాలో తెలుసు, ఇంటి నుంచి బాక్సూ వస్తోంది. లేనిదల్లా వేళ, వీలే.

ఇంకో విచిత్రం ఉంది. ఆడవారి ఆహారానికీ జబ్బులకూ ఉన్న సంబంధం గురించి మనకు తెలిసిన ఎన్నో సంగతులు నర్సులు ఇచ్చిన సమాచారం నుంచి వచ్చినవే. అమెరికాలో 1976లో మొదలైన 'నర్సెస్ హెల్త్ స్టడీ'లో లక్షా 20 వేల మందికి పైగా నర్సులు చేరారు. ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో 1980 నుంచి వారు క్రమం తప్పక రాసి పంపారు. ఆ సమాచారంతోనే 2011లో ఒక విశ్లేషణ వెలువడింది. మారే షిఫ్టుల్లో రాత్రి డ్యూటీలు ఎన్ని ఎక్కువ ఏళ్లు చేస్తే టైప్-2 మధుమేహం ముప్పు అంత పెరుగుతోందని, అందులో కొంత భాగం బరువు పెరగడం వల్లేనని తేలింది. అంటే పూట తప్పిన తిండిని, వేళ తప్పిన నిద్రను తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

బాక్సు తిరిగొచ్చేది ఇందుకే

మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2 వరకు, 2 నుంచి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు షిఫ్టులు ఉంటాయి. గడియారం ప్రకారం చూస్తే ఉదయం డ్యూటీ ఆరు గంటలే. కానీ ఇంట్లో బయల్దేరేది ఏడింటికి. హ్యాండోవర్ ముగించి, రిజిస్టర్లు రాసి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి మూడు దాటుతుంది. మధ్యలో డాక్టర్ల రౌండ్లు, రక్త నమూనాలు, సెలైన్లు, డిశ్చార్జి కాగితాలు. రోగులు భోంచేసే వేళకు వారి మాత్రలు, ఇన్సులిన్ చూడాలి. తనకు ఆకలేసే సమయానికే పని ఎక్కువన్నమాట.

రెండోది మనుషుల కొరత. జనరల్ వార్డుల్లో బోధనాసుపత్రులైతే ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆసుపత్రులైతే ఐదుగురికి ఒకరు చొప్పున నర్సులు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మీరు ఈమధ్య చూసిన వార్డును ఒకసారి గుర్తుచేసుకోండి. ఎన్ని మంచాలకు ఎందరు నర్సులున్నారు? ఉన్న ఒక్కరూ తినడానికి వెళ్తే, ఆ పావుగంటలో సెలైన్ అయిపోతే చూసేదెవరు?

మూడోది చోటు. ఇన్‌ఫెక్షన్ల భయంతో వార్డులో, నర్సింగ్ స్టేషన్లో తినడం, తాగడం కూడదు. అది సరైన నియమమే. కానీ స్టాఫ్ రూమ్ వేరే అంతస్తులో ఉంటే? వెళ్లి, చేతులు శుభ్రంగా కడుక్కుని, తిని, మళ్లీ కడుక్కుని రావడానికి అరగంట కావాలి. వార్డులో ఫ్రిజ్ ఉన్నా అది మందులకే. అందులో తిండి పెట్టకూడదు.

నాలుగోది నీళ్లు. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించేసిన నర్సులు ఎందరో. దీంతో తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వచ్చే నీరసాన్ని ఆకలి అనుకుని ఏదో ఒకటి నోట్లో వేసుకోవడమూ ఉంటుంది.

చివరిది, చేతికందే తిండి. కాన్పు అయితే స్వీట్ బాక్సు, డిశ్చార్జి అయితే స్వీట్ బాక్సు, ఎవరిదో పుట్టినరోజు కేకు. సాయంత్రం క్యాంటీన్లో సమోసా, మిర్చి బజ్జీ, పఫ్. బాక్సు తినడానికి అరగంట కావాలి, మైసూర్‌పాక్ ముక్కకు అర నిమిషం చాలు. ఏడు గంటలుగా ఏమీ తినని మనిషి ముందు ఈ రెండూ ఉంటే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. దానికి నోటి చాపల్యం అని పేరు పెట్టడం అన్యాయం.

మీరే నర్సు అయితే: క్యారియర్ వద్దు, స్పూను చాలు

మన భోజనం తీరే వేరు. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు ఒకదాని తర్వాత ఒకటి కలుపుకొని తింటాం. ఇంట్లో అది బాగుంటుంది. డ్యూటీలో నాలుగు గిన్నెల క్యారియర్ విప్పే సమయమే ఉండదు. కాబట్టి ముందే కలిపి, స్పూనుతో ఏడెనిమిది నిమిషాల్లో తినేసేలా సర్దుకోండి. ఆకుకూర పప్పు కలిపిన అన్నం, కూరముక్కలు బాగా వేసిన కిచిడీ, క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు కలిపిన పెరుగన్నం, గుడ్డు పొరటు చుట్టిన చపాతీ.. ఇవన్నీ అలాంటివే.

దీనికి తోడుగా యూనిఫాం మార్చుకునే చోట ఒక చిన్న డబ్బా ఉంచుకోండి. అందులో పల్లీలు, వేయించిన సెనగలు గుప్పెడేసి, ఒక జామకాయో అరటిపండో. 30 గ్రాముల పల్లీల్లో 7 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి, ఒక గుడ్డులో ఉన్నంత. స్వీట్ బాక్సు తెరుచుకునే వేళకు కడుపులో ఇవి పడి ఉంటే, ఒక ముక్కతో ఆగడం తేలిక.

వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఎండల్లో ఏడింటికి సర్దిన బాక్సును మూడింటికి తినడం మంచిది కాదు. స్టాఫ్ రూమ్‌లో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. లేకపోతే పొగలు కక్కుతుండగానే వేడి నిలిపే డబ్బాలో సర్దుకోండి.

ఏ షిఫ్టుకు ఎలా?

ఉదయం డ్యూటీ: ఇంట్లోంచి ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. పూర్తి టిఫిన్‌కు వీల్లేకపోతే గ్లాసు రాగి జావ, ఒక ఉడికించిన గుడ్డు అయినా చాలు. 10.30, 11 గంటల మధ్య రౌండ్ల హడావిడి కాస్త తగ్గుతుంది. బాక్సుకు అదే సరైన సమయం. దాన్ని 'భోజనం' అనుకుని రెండింటి వరకూ వాయిదా వేయొద్దు. ఇంటికొచ్చాక మిగతాది తేలిగ్గా తినొచ్చు.

మధ్యాహ్నం డ్యూటీ: 12.30కు అన్నం తిని వస్తే ఐదింటికి ఆకలేస్తుంది. సందర్శకుల వేళ కూడా దాదాపు అప్పుడే. క్యాంటీన్ బజ్జీలకు బదులు ఉడికించిన సెనగలు, పెసలు లేదా పండు, గ్లాసు మజ్జిగ దగ్గరుంచుకోండి. ఇలా చేస్తే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికెళ్లి ఒక్కసారిగా కడుపు పట్టనంత తినే అవసరం రాదు.

రాత్రి డ్యూటీ: అసలు చిక్కు ఇక్కడే. క్యాంటీన్ మూసేసి ఉంటుంది. రెండింటికి ఆకలి, నిద్ర కలిసి వస్తాయి. అప్పుడు దొరికేవి చిప్స్, నూడుల్స్, బిస్కెట్లు, టీ. అర్ధరాత్రి దాటాక మన శరీరం చక్కెరను పగటిలా వినియోగించుకోలేదు. బోస్టన్ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, రాత్రి డ్యూటీ లాంటి పరిస్థితి కల్పించి, కొందరికి రాత్రి కూడా భోజనం పెట్టారు. మరికొందరికి పగలు మాత్రమే పెట్టారు. రాత్రి తిన్నవారిలో రక్తంలో గ్లూకోజు సగటున 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పాల్గొన్నది 19 మందే కాబట్టి దీన్ని పట్టుకుని రాత్రంతా పస్తుండాల్సిన పని లేదు. అసలు భోజనం డ్యూటీకి ముందే, ఏడు, ఏడున్నర లోపు ముగించాలి. కుదరకపోతే పది లోపు. అర్ధరాత్రి తర్వాత ఆకలేస్తే అన్నం, బిర్యానీ కాకుండా గుడ్డు, గుప్పెడు పల్లీలు, మజ్జిగతో సరిపెట్టుకోవాలి.

పొద్దున్న డ్యూటీ దిగగానే దారిలో పూరీలు, మైసూర్ బజ్జీలు తిని పడుకుంటే నిద్రా పట్టదు, ఛాతీలో మంటా తగ్గదు. రెండు ఇడ్లీలో ఒక పెసరట్టో తిని పడుకోండి. మధ్యాహ్నం లేచాక పూర్తి భోజనం చేయండి.

టీ లెక్క ఒకసారి వేసుకోండి

డ్యూటీలో నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర. చెంచాకు 4 గ్రాముల చొప్పున 32 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. స్వీట్లు, బిస్కెట్లు లెక్కలోకి రాకముందే హద్దు దాటేశాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దంటున్నాయి. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే తోటకూర పప్పు తిని వెంటనే టీ తాగడం కంటే, తిన్నాక ఒక జామకాయ ముక్క తినడం మేలు. అందులోని విటమిన్-సి ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది.

రాత్రి డ్యూటీలో టీ ముందు సగంలోనే తాగండి. కెఫీన్ ప్రభావం సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటికి పడుకున్నప్పుడు నిద్రను చెడగొడుతుంది. ఒక లీటరు సీసా దగ్గరుంచుకుని, వార్డు బయటికి వెళ్లిన ప్రతిసారీ నాలుగు గుక్కల నీళ్లు తాగితే డ్యూటీ ముగిసేలోపు అది ఖాళీ అవుతుంది.

మీ ఇంట్లో నర్సు ఉంటే

రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి నేరుగా వంటింట్లోకి వెళ్లాల్సి వస్తే, ఆమె తినేది మిగిలిందే. మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

- షిఫ్టుల పట్టిక వంటింటి గోడ మీద అంటించండి. ఏ రోజు ఏ వేళకు తింటారో ఇంటిల్లిపాదికీ తెలియాలి.
- రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో సాయంత్రం ఏడింటికల్లా భోజనం సిద్ధం చేయండి. వంట ఎవరు చేసినా సరే, ఆ రోజుల్లో ఆ పని ఆమెది కాకూడదు.
- సెలవు రోజున సెనగలు, పెసలు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టడం, పల్లీలు వేయించి డబ్బాలో పోయడం, కూరలు తరిగి పెట్టడం పిల్లలు కూడా చేయగల పనులే.
- బాక్సు తిరిగొస్తే 'ఎందుకు తినలేదు?' అనకండి. 'ఈరోజు ఎన్నింటికి వీలు దొరికింది?' అని అడగండి. జవాబును బట్టి రేపటి బాక్సు మార్చొచ్చు.
- పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం వరకు ఆమె నిద్రపోయే గదిలో కాలింగ్ బెల్లు, టీవీ చప్పుడు వినిపించకుండా చూడండి. నిద్ర చాలకపోతే మర్నాడు తీపి, వేపుళ్ల మీదకే మనసు పోతుంది.

ఆసుపత్రి చేయాల్సింది

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, వరుసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాశారు. యంత్రం దగ్గర నిలబడే కార్మికుడికి అంత అవసరమైన విరామం, ఇంజెక్షన్ డోసు లెక్కగట్టే నర్సుకు అవసరం లేదా? ఆకలితో కళ్లు తిరుగుతున్న వేళ ఏకాగ్రత తగ్గుతుంది. ఆ పొరపాటు ఎవరి మంచం దగ్గరైనా జరగొచ్చు. కాబట్టి నర్సు తిండి రోగి క్షేమానికి సంబంధించిన విషయం కూడా.

పెద్ద ఖర్చు లేకుండానే మొదలుపెట్టొచ్చు. హ్యాండోవర్ సమయంలోనే ఎవరు ఎన్నింటికి తింటారో, ఆ 20 నిమిషాలు వారి రోగులను ఎవరు చూస్తారో రాసుకునే జంట పద్ధతి పెట్టుకోవచ్చు. ఒక్కరే ఉన్న వార్డుకు సూపర్‌వైజర్ గానీ, పక్క వార్డు వారు గానీ ఆసరా అవ్వాలి. అంతస్తుకో చిన్న గది, అందులో మంచినీళ్లు, ఫ్రిజ్, వేడి చేసుకునే ఓవెన్ కావాలి. క్యాంటీన్ రాత్రంతా తెరవలేకపోయినా, పదింటికల్లా గుడ్లు, పండ్లు, మజ్జిగ స్టాఫ్ రూమ్‌కు చేర్చొచ్చు. విరామం అడిగి తీసుకునే దయగా కాకుండా డ్యూటీలో భాగంగా ఉన్నప్పుడే అది నిలుస్తుంది.

ఇవి ఉంటే జాగ్రత్త

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్న నర్సులు పూట తప్పితే ప్రమాదం. షిఫ్టు మారిన ప్రతిసారీ మందు వేళలు ఎలా మార్చుకోవాలో డాక్టరును ముందే అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు రాత్రి పస్తు జోలికి పోవద్దు. ఎప్పుడూ నీరసం, ఆయాసం ఉంటే హిమోగ్లోబిన్, మూత్రంలో మంట ఉంటే మూత్ర పరీక్ష చేయించుకోవాలి. రోజూ వందమంది నమూనాలు ల్యాబుకు పంపే చేతులు తమ నమూనా పంపడాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడం మామూలే. ఏడాదికోసారి చక్కెర, బీపీ, రక్త పరీక్షలు చూసుకోండి.

ఇక మిగిలింది రోగి బంధువులుగా మనం. ఈసారి మీ మనవరాలు పుట్టినా, మీ నాన్నగారు డిశ్చార్జి అయినా వార్డుకు స్వీట్ బాక్సు బదులు డజను అరటిపండ్లో, రెండు కిలోల జామకాయలో ఇవ్వండి. భోజనం వేళ సిస్టర్ కనిపించకపోతే, అత్యవసరం కానప్పుడు పది నిమిషాలు ఆగండి. వచ్చాక 'ఎక్కడికి వెళ్లారు?' అని కాకుండా ఒక్క మాట అడగండి: 'సిస్టర్, మీరు తిన్నారా?'